నెట్‌వర్క్ సర్వీసు రోజురోజుకూ ఎందుకు బరువెక్కుతుంది

సర్వర్‌లో తెర వెనక నడిచే నెట్‌వర్క్ ప్రోగ్రామును, అంటే సర్వీసును, సోమవారం పొద్దున రీస్టార్ట్ చేస్తే దాని సీపీయూ (ప్రాసెసర్) వాడకం 3 శాతం. బుధవారానికి 11. శుక్రవారం సాయంత్రం జనమంతా ఇళ్లకు చేరి టీవీలు, ఫోన్లు తెరిచే వేళకు 60 దాటుతుంది. శనివారం ఎవరో మళ్లీ రీస్టార్ట్ కొడతారు, 3కి పడిపోతుంది. దేవరకొండలోనో, కొల్లాపూర్‌లోనో, నారాయణపేటలోనో ఒక మడిగెలో నాలుగు వందల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంట్రోల్ రూం ఉందనుకుందాం. అక్కడ ఈ లెక్క కొన్నాళ్లకు అలవాటైపోతుంది. తెల్లవారుజామున 3 గంటలకు దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా ఒక క్రాన్ (చెప్పిన వేళకు నడిచే ఆజ్ఞ) పెట్టేస్తే ఇక దాని గురించి అడిగేవాళ్లుండరు.

మొదటి రోజు నుంచే 40 శాతం తినే సర్వీసు వేరు, 3తో మొదలై 60కి ఎక్కే సర్వీసు వేరు. మొదటిదానికి యంత్రం చాలట్లేదు, డబ్బు పెడితే తీరుతుంది. రెండోదానికి ఎనిమిది కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) యంత్రం కొనిపెట్టినా శనివారం చేసే రీస్టార్ట్ ఆ పై బుధవారానికి జరుగుతుంది, అంతే తేడా.

సూర్యాపేట యార్డులో వడ్లు దిగే సీజనులో ఒక కమీషన్ దుకాణపు గుమస్తాను తీసుకోండి. పైసలు ముట్టిన రైతు తక్‌పట్టీని (అమ్మకపు లెక్క చీటీని) కట్టలోంచి తీసేయడం ఆయనకు అలవాటు లేదు. కొత్త రైతు వచ్చి పేరు చెప్పగానే మొదటి పట్టీ నుంచి తిప్పుతూ వెతుకుతాడు. మొదటి రోజు ఇరవై పట్టీలు, నిమిషంలో పని అయిపోతుంది. నెల తిరిగేసరికి అదే రైతుకు అరగంట. గుమస్తా చేతి వేగం తగ్గలేదు, రైతులు పెరగలేదు, కట్ట లావైంది. రీస్టార్ట్ అంటే ఆ కట్టను అవతల పారేసి కొత్తది మొదలుపెట్టడం.

అందుకే "సీపీయూ ఎందుకు పెరిగింది" అని అడిగే బదులు "ఏ కట్ట లావైంది" అని అడగాలి. నెట్‌వర్క్ సర్వీసుల్లో పేరుకునే కట్టలు మరీ ఎక్కువేం లేవు: మూయని కనెక్షన్లు, పోయి వచ్చే ఇంటర్‌ఫేస్‌లు (యంత్రం వైపు లైన్ల కొసలు), ఐపీ లీజులు (గడువు మీద ఇచ్చే ఐపీ అడ్రసులు), బ్లాక్ చేసిన అడ్రసులు, జవాబు రాని ప్రశ్నలు. లోపల కట్ట ఏమీ లేకపోయినా పైనుంచి వచ్చే గిరాకీయే రోజురోజుకూ పెరిగే సందర్భం ఇంకొకటి ఉంది. ఈ రెంటినీ విడదీయడమే మొదటి పని.

కాటా సరిగా ఉందా

కొలిచే పనిముట్టే తప్పు చూపిస్తే వెతుకులాటంతా దండగ. లైనక్స్‌లో "పీఎస్" ఆజ్ఞ చూపే సీపీయూ శాతం ఈ క్షణానిది కాదు. సర్వీసు పుట్టినప్పటి నుంచి వాడిన సీపీయూ సమయాన్ని మొత్తం గడిచిన సమయంతో భాగించిన సగటు అది. నాలుగు రోజులు 3 శాతం మీద ఉండి, ఐదో రోజంతా 60 మీద ఉంటే పీఎస్ చూపేది 14 చిల్లర. దాన్ని చూసి "ఫరవాలేదు" అనుకునేవాళ్లకు ఫోన్లు ఎందుకు మోగుతున్నాయో అర్థం కాదు. "టాప్" మేలు, అది గత కొద్ది సెకన్ల లెక్క చూపిస్తుంది. అందులోనూ తెరవగానే కనబడే మొదటి తెరను వదిలేసి రెండోదాని నుంచి చదవాలి.

శాతం అంటే దేనిలో శాతమో కూడా చూసుకోవాలి. టాప్‌లో మామూలుగా 100 అంటే ఒక కోర్ మొత్తం, నాలుగు కోర్ల యంత్రంలో 400 దాకా పోవచ్చు. విండోస్ టాస్క్ మేనేజర్ అన్ని కోర్లనూ కలిపి 100గా లెక్కేస్తుంది. నాలుగు కోర్ల విండోస్ కంప్యూటర్లో ఒక సర్వీసు 25 శాతం మీద కదలకుండా నిలబడిందంటే, ఒక కోర్ పూర్తిగా గిర్రున తిరుగుతోందనే అనుమానించాలి. 25 చిన్న అంకెలా కనబడుతుంది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు.

ఐదు నిమిషాలకోసారి ఐదు అంకెలు ఫైల్లోకి రాసే చిన్న స్క్రిప్టు ఏ ఖరీదైన మానిటరింగ్‌కూ తీసిపోదు. అవి: సర్వీసు ఇప్పటిదాకా వాడిన సీపీయూ సమయం, తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్ల (తెరిచిన ప్రతి ఫైలుకూ, కనెక్షన్‌కూ ఇచ్చే నంబర్ల) సంఖ్య, థ్రెడ్ల (లోపల పక్కపక్కనే నడిచే పని పాయల) సంఖ్య, వాడుతున్న మెమరీ, ఆ ఐదు నిమిషాల్లో అది జవాబిచ్చిన విన్నపాల సంఖ్య. సీపీయూ సమయం "ప్రాక్" (లైనక్స్ తన లెక్కలు చూపే చోటు) కింద ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) నంబరు డైరెక్టరీలోని "స్టాట్" ఫైల్లో 14, 15 గడుల్లో ఉంటుంది. 14 ప్రోగ్రాం సొంత పని, 15 దాని తరఫున కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేసిన పని. ఆ అంకెలు టిక్కుల్లో ఉంటాయి, సాధారణంగా 100 టిక్కులు ఒక సెకను. ప్రాసెస్ పేరులో ఖాళీ ఉంటే గడులు ఒకటి జరుగుతాయి, కాబట్టి పేరు చుట్టూ ఉన్న బ్రాకెట్ ముగిసిన చోటు నుంచి లెక్కపెట్టాలి. 6 గంటలకు రెండు గడుల మొత్తం 1,20,000, 6 గంటల 5 నిమిషాలకు 1,29,000 ఉందంటే తేడా 9,000 టిక్కులు, అంటే 90 సెకన్లు. 300 సెకన్లలో 90, ఒక కోర్‌లో 30 శాతం. "పిడ్‌స్టాట్" అనే పనిముట్టు ఉన్నచోట ఈ తీసివేత అదే చేసిపెడుతుంది.

ఇప్పుడు భాగహారం. సోమవారం రాత్రి 8 గంటలప్పుడు ఐదు నిమిషాల్లో 60,000 డీఎన్‌ఎస్ (సైటు పేరుకు ఐపీ అడ్రసు చెప్పే సర్వీసు) ప్రశ్నలకు 9 సెకన్లు పట్టాయి, ఒక్కోదానికి 0.15 మిల్లీసెకను. గురువారం అదే 8 గంటలకు ప్రశ్నలు అవే 60,000, పట్టింది 90 సెకన్లు. ఒక్కో ప్రశ్న ఖరీదు పదింతలైంది. ఇది కట్ట జబ్బు. అలా కాక గురువారం ప్రశ్నలే 6,00,000 అయి 90 సెకన్లు పట్టి ఉంటే ఒక్కో ప్రశ్న ఖరీదు మారలేదు, అడిగేవాళ్లు పెరిగారు. రెండు సందర్భాల్లోనూ గ్రాఫు ఒకేలా పైకి పోతుంది. ఈ ఒక్క భాగహారం చేయకపోవడం వల్ల వారాలు వృథా అవుతాయి. పోల్చేటప్పుడు రాత్రి 8ని రాత్రి 8తోనే పోల్చాలి. మధ్యాహ్నం 2తో పోలిస్తే వచ్చేది జనం ఇంటికి చేరే లెక్క.

గ్రాఫు ఆకారం కూడా కొంత చెబుతుంది. నిదానంగా ఏటవాలుగా ఎక్కుతుంటే ఒక్కొక్కటిగా ఏదో పేరుకుంటోంది. మెట్లు మెట్లుగా ఎక్కితే ప్రతి మెట్టు దగ్గర ఏదో ఘటన ఉంది. మన దగ్గర అది చాలాసార్లు కరెంటు పోయి రావడమే. ఐదు రోజులు మెల్లగా ఎక్కి ఒక్క ఉదుటున 100కు దూకితే ఏదో హద్దు తగిలింది. రీస్టార్ట్ లేకుండానే రాత్రికి దిగిపోతే మాత్రం అది కట్ట కాదు. కట్ట తనంతట తాను పలచబడదు.

మూయని తలుపులు

పేరుకునేవాటిలో ముందు చూడాల్సింది కనెక్షన్లనే. ప్రతి టీసీపీ కనెక్షన్‌కు సర్వీసు దగ్గర ఒక డిస్క్రిప్టర్ ఉంటుంది. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ కింద "ఎఫ్‌డీ" డైరెక్టరీలో ఎన్ని ఎంట్రీలున్నాయో లెక్కపెడితే చాలు. సోమవారం 30, మంగళవారం 230, బుధవారం 430 అని పోతుంటే దొంగ దొరికినట్టే. ఆ సర్వీసు "సెలెక్ట్" లేదా "పోల్" పద్ధతిలో రాసినదైతే, ఒక్క ప్యాకెట్ వచ్చినప్పుడల్లా తెరిచి ఉన్న అన్ని తలుపుల దగ్గరికీ వెళ్లి "నీ దగ్గరేమైనా వచ్చిందా" అని అడుగుతుంది. సెకనుకు 2,000 సార్లు మేల్కొనే సర్వీసు 30 తలుపులు చూస్తే సెకనుకు 60,000 తనిఖీలు. 1,000 తలుపులైతే 20,00,000. పని జరిగేది అదే రెండు వేల ప్యాకెట్లకు. "ఈపోల్" పద్ధతిలో రాసినవాటికి ఈ బాధ బాగా తక్కువ. మెమరీ మాత్రం పెద్దగా పెరగదు కాబట్టి మెమరీ గ్రాఫు ఒక్కటే చూసేవాళ్లు దీన్ని పట్టుకోలేరు.

ఆ తలుపులు ఏ స్థితిలో ఉన్నాయో "ఎస్‌ఎస్" ఆజ్ఞ చెబుతుంది. క్లోజ్-వెయిట్ ఉన్నవి పెరుగుతుంటే అవతలివాడు సెలవు తీసుకున్నాడు, మన ప్రోగ్రాం మాత్రం తలుపు మూయలేదు. ఇది నూటికి నూరుపాళ్లు ప్రోగ్రాంలోని తప్పు. కెర్నెల్ సెట్టింగులు ఎన్ని తిప్పినా పోదు. కొత్త వెర్షన్‌లో సరిచేశారేమో చూడాలి, లేదా రాసినవాళ్లకు ఈ లెక్కతో సహా చెప్పాలి. టైమ్-వెయిట్ (మూసేశాక కొద్దిసేపు ఆగే స్థితి) వేలల్లో కనబడితే కంగారు పడక్కర్లేదు. లైనక్స్‌లో అవి 60 సెకన్లకు వాటంతటవే పోతాయి, ప్రోగ్రాం డిస్క్రిప్టర్లతో వాటికి పని లేదు. వాటిని తగ్గించాలని కెర్నెల్ అంకెలు కెలికి కొత్త తంటా తెచ్చుకోవడం అనవసరం.

ఎస్టాబ్లిష్డ్ (కనెక్షన్ నిలిచి ఉన్న) స్థితిలోనే ఉండి, ఏ మాటా మంతీ లేకుండా పడి ఉన్నవి మూడో రకం. కరెంటు కోతలున్న ఊళ్లలో వీటిదే రాజ్యం. ఇంట్లో ఇన్వర్టర్ లేని రౌటరు కరెంటు పోగానే "పోతున్నా" అని చెప్పకుండానే ఆగిపోతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్న సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, తలుపు తెరిచే ఉంచుతుంది. కరెంటు వచ్చాక రౌటరు కొత్త తలుపు తట్టి లోపలికొస్తుంది. పాతది అలాగే ఉంటుంది. ఒక్కో కోతకు ఒక్కో మెట్టు. లైనక్స్ కీప్‌అలైవ్ (మౌనంగా ఉన్న అవతలివాణ్ని పలకరించి చూసే పద్ధతి) అసలు విలువలు చూస్తే ఎందుకో తెలుస్తుంది: 7,200 సెకన్లు మౌనంగా ఉంటేగానీ మొదటి పలకరింపు వెళ్లదు, ఆ తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున 9 పలకరింపులు. మొత్తం 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అదీ ఆ ప్రోగ్రాం కీప్‌అలైవ్ కావాలని అడిగితేనే. అడగకపోతే ఆ తలుపు రీస్టార్ట్ దాకా తెరిచే ఉంటుంది. సర్వీసు సెట్టింగుల్లో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తెంచే గడువు ఉంటే 300 సెకన్లకు తెచ్చుకోవడం మేలు. అది లేకపోతే కీప్‌అలైవ్ ఆన్ చేసి మొదటి గడువును అంతకు దించాలి.

ఐదో రోజు 100కు దూకడం వెనక ఉన్నది కూడా ఇదే కట్ట. చాలా సర్వీసులకు తెరవగల డిస్క్రిప్టర్ల హద్దు 1,024. రోజుకు 200 చొప్పున వదిలేస్తే ఐదు రోజుల్లో ఆ గోడ తగులుతుంది. అప్పుడు కొత్త కనెక్షన్ వస్తుంది, సర్వీసు తీసుకోబోతుంది, "ఇక జాగా లేదు" అని కెర్నెల్ తిప్పికొడుతుంది. కనెక్షన్ మాత్రం క్యూలోనే ఉంటుంది కాబట్టి మరుక్షణమే "నీకోసం ఒకరు వచ్చారు" అని మళ్లీ చెబుతుంది. సర్వీసు మళ్లీ తీసుకోబోతుంది. ఆగకుండా ఇదే తిరగలి. ఎవరికీ జవాబు వెళ్లదు, కోర్ మాత్రం నిండుగా తిరుగుతుంది. లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని లక్షల వరుసలు పడి డిస్కు కూడా నిండుతుంది. దీనికి ఇంటర్నెట్‌లో దొరికే మందు హద్దును 65,536కు పెంచమని. దాంతో ఐదు రోజుల జబ్బు ఏడాది జబ్బవుతుంది, కాకపోతే మధ్యలో తలుపుల తనిఖీ అరవై రెట్లు అవుతుంది. పాత సెలెక్ట్ పద్ధతి సర్వీసైతే ఇంకా ప్రమాదం. అది 1,024 దాటిన డిస్క్రిప్టర్లను తట్టుకునేలా కట్టింది కాదు, మెమరీ పాడై ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది.

పేర్లు మారే ఇంటర్‌ఫేస్‌లు

పీపీపీఓఈ (ఇంటింటికీ లాగిన్‌తో కనెక్షన్ ఇచ్చే పద్ధతి) మీద ఇళ్లకు లైన్లిచ్చే లైనక్స్ యంత్రంలో ఎస్‌ఎన్‌ఎంపీడీ అనే సర్వీసు వెనక కూర్చుని మానిటరింగ్ సర్వర్ ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిలో అడిగినప్పుడల్లా లెక్కలు చెబుతుంటుంది. చూడటానికి అమాయకం. కానీ ప్రతి ఇల్లూ ఇక్కడ ఒక ఇంటర్‌ఫేస్, ఒక రూటు. ఇల్లు డిస్‌కనెక్ట్ అయి మళ్లీ వస్తే పేరు అదే ఉన్నా లోపలి సూచిక నంబరు కొత్తది. పోయిన ఇంటర్‌ఫేస్ ఎంట్రీని ఎస్‌ఎన్‌ఎంపీడీ మామూలుగా 300 సెకన్లపాటు పట్టికలో ఉంచుతుంది. నాలుగు వందల ఇళ్లున్న కరెంటు ఫీడరు ఐదు నిమిషాల్లో మూడుసార్లు పోయి వచ్చిందనుకోండి, పట్టికలో 1,600 దాకా వరుసలు నిలబడొచ్చు.

ఐదు నిమిషాలకోసారి వచ్చే మానిటరింగ్ సర్వర్ అప్పుడే వస్తుంది. పట్టిక పెద్దది, జవాబు ఆలస్యమవుతుంది. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ పనిముట్లు మామూలుగా 1 సెకను ఆగి, జవాబు రాకపోతే 5 సార్లు మళ్లీ అడుగుతాయి. అంటే ఒకే ప్రశ్న ఆరుసార్లు రావచ్చు. ఆలస్యమైనందుకు ఆరింతల పని, ఆరింతల పనివల్ల ఇంకా ఆలస్యం. అడిగేవాడు గడువును 5 సెకన్లకు పెంచి, మళ్లీ అడగడాన్ని 1కి తగ్గిస్తే చాలాచోట్ల సగం మంట ఆరిపోతుంది. తప్పు సర్వీసులో ఉందనుకుని దాన్నే కెలుకుతుంటారు గానీ, ఇక్కడ తిప్పాల్సిన మర అవతలి యంత్రంలో ఉంది.

మిగతా సగానికి ఎస్‌ఎన్‌ఎంపీడీ సెట్టింగుల ఫైల్లోనే మందుంది. "ఇంటర్‌ఫేస్_ఫేడవుట్" విలువను 300 నుంచి 10కి దించొచ్చు. "ఇంటర్‌ఫేస్_రీప్లేస్_ఓల్డ్" ఆన్ చేస్తే అదే పేరుతో కొత్త ఇంటర్‌ఫేస్ రాగానే పాతది పోతుంది. కొత్త వెర్షన్లలో ఏ పేరుతో మొదలయ్యే ఇంటర్‌ఫేస్‌లను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలో చెప్పే వరుస కూడా ఉంది. అప్‌లింక్ (బయటి ఇంటర్నెట్‌కు వెళ్లే లైను) కార్డులు మాత్రం ఉంచి ఇళ్ల ఇంటర్‌ఫేస్‌లను మొత్తంగా వదిలేయొచ్చు. ఇంటింటికీ గ్రాఫు కావాలనేవాళ్లు ఉంటారు. ఏ ఇల్లు ఎంత వాడిందో రేడియస్ (ఇళ్ల లాగిన్లు, వాడకం నమోదు చేసే సర్వర్) అకౌంటింగ్‌లో ఎలాగూ పడుతోంది. అదే లెక్కను ఎస్‌ఎన్‌ఎంపీతో రెండోసారి తోడడం వేస్టు. ఎస్‌ఎన్‌ఎంపీ లెక్కల చెట్టును మొదలు నుంచి చివరిదాకా మొత్తం నడిచే వాక్‌ను కూడా ఆపాలి. అందులో రూటింగ్ పట్టిక, టీసీపీ కనెక్షన్ల పట్టిక, నడుస్తున్న ప్రాసెస్‌లు, ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలు అన్నీ వస్తాయి. సెట్టింగుల్లో "వ్యూ" గీసి ఇంటర్‌ఫేస్ పట్టిక దాకే అనుమతిస్తే సరిపోతుంది.

అడిగేవాళ్లు ఎక్కువైతే

భాగహారంలో ఒక్కో ప్రశ్న ఖరీదు మారలేదని తేలినప్పుడు చూపు బయటికి తిప్పాలి. డీఎన్‌ఎస్ సర్వీసుల్లో ఇది మామూలు. డీఎన్‌ఎస్ ప్రశ్నలు వచ్చే 53వ పోర్టు అప్‌లింక్ వైపు కూడా తెరిచి ఉంటే దాన్ని వెతికి పట్టుకునే స్కానర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. చిన్న ప్రశ్న పంపి పెద్ద జవాబును వేరెవరి నెత్తినో కుమ్మరించే దాడులకు ఆ సర్వర్ పనిముట్టవుతుంది. మొదటి రోజు పది ప్రశ్నలు, జాబితాల్లోకి ఎక్కాక రోజురోజుకూ లక్షలు. చందాదారుల సంఖ్యతో సంబంధం లేకుండా గ్రాఫు ఎక్కుతుంది. మైక్రోటిక్ రౌటర్లలో "అలో రిమోట్ రిక్వెస్ట్స్" పెట్టె టిక్ చేసి, ఫైర్‌వాల్‌లో అప్‌లింక్ నుంచి వచ్చే 53ను ఆపడం మరిచిపోతే జరిగేది ఇదే. యూడీపీ, టీసీపీ రెండూ ఆపాలి. అదే రౌటర్లో టూల్స్ కింద ఉన్న "ప్రొఫైల్" ఏ పని ఎంత సీపీయూ తింటోందో విడదీసి చూపిస్తుంది.

డీఎన్‌ఎస్ జవాబులిచ్చే డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వీసులో ఇంకో రకం ఉంది, చుట్టుతిరుగుడు. దానికి పై సర్వర్‌గా రౌటరును, రౌటరుకు పై సర్వర్‌గా దాన్నే పెడితే జవాబు తెలియని ప్రశ్న రెంటి మధ్య బంతిలా తిరుగుతుంది. ఒకేసారి 150 ప్రశ్నలకు మించి పైకి పంపకూడదని దానికి మామూలు హద్దు, ఆ హద్దు తగిలిందని లాగ్‌లో పడుతుంటే ముందు ఈ చుట్టును అనుమానించాలి. దాన్ని పట్టుకునే "డీఎన్‌ఎస్-లూప్-డిటెక్ట్" అనే వరుస సెట్టింగుల్లో ఉంది. హద్దు పెంచడం మళ్లీ అదే తప్పు.

డీఎన్‌ఎస్‌మాస్క్ ఐపీలు కూడా పంచుతుంటే లీజుల కట్ట చూడాలి. బస్టాండు దగ్గరి హోటల్లోనో, కాలేజీ హాస్టల్లోనో ఉచిత వైఫై పెట్టి లీజు గడువు 24 గంటలు ఇస్తే, చాయ్ తాగి పది నిమిషాల్లో వెళ్లిపోయినవాడి లీజు రేపటిదాకా ఉంటుంది. ప్రతి మార్పుకూ లీజుల ఫైలు మళ్లీ రాస్తుంది, 1,000 లీజుల హద్దు కూడా ఉంది. అలాంటిచోట గడువు గంట చాలు. ఇళ్లలో 24 గంటలే ఉండనివ్వొచ్చు.

అవాహి డీమన్ (పక్కనున్న పరికరాలను కనిపెట్టే సర్వీసు) గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. ఇళ్లన్నీ ఒకే బ్రిడ్జిలో కలిసి ఉంటే ప్రతి టీవీ, ప్రతి ప్రింటరు 5353 పోర్టులో మల్టీకాస్ట్‌గా "నేనున్నా" అని అరిచేదంతా అది వింటుంది. సర్వర్‌కు దాంతో పనే లేదు, ఆపేయాలి. సర్వీసును మాత్రమే ఆపి దాన్ని లేపే సాకెట్ యూనిట్‌ను వదిలేస్తే అది మళ్లీ లేచి కూర్చుంటుంది, రెంటినీ ఆపాలి.

సర్వీసు ఖాతాలో పడని సీపీయూ

టాప్ పైభాగంలో సీపీయూ వరుసలో "యూఎస్", "ఎస్‌వై", "ఎస్‌ఐ" అని విడివిడిగా ఉంటాయి. యూఎస్ పెరిగితే ప్రోగ్రాం సొంత కోడ్ కట్టను తిప్పుతోంది. ఎస్‌వై పెరిగితే దాని తరఫున కెర్నెల్ తిప్పుతోంది. పైన చెప్పిన తలుపుల తనిఖీ ఇందులోకే వస్తుంది. ఎస్‌ఐ పెరిగి "కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ" (వచ్చిన ప్యాకెట్లను చూసే కెర్నెల్ పని) పైకి తేలితే సర్వీసును ఎంత విప్పి చూసినా ఏమీ దొరకదు, ప్యాకెట్లు నడిచే దారిలోనే ఏదో ఉంది.

పాస్‌వర్డ్ ఊహించేవాళ్లను ఆపడానికి పెట్టిన ఫెయిల్2బ్యాన్ దీనికి మంచి ఉదాహరణ. పట్టుకున్న ప్రతి అడ్రసుకూ ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్‌లో ఒక్కో నిబంధన చేరుస్తుంది. నిషేధ గడువు "ఎప్పటికీ" అని పెడితే నిబంధనలు వేలకు చేరతాయి. ఆ గొలుసులోకి వచ్చే ప్రతి ప్యాకెట్టూ మొదటి నిబంధన నుంచి చివరిదాకా నడవాలి. మంచివాడి ప్యాకెట్టే పూర్తి దూరం నడుస్తుంది, ఎందుకంటే దానికి ఎక్కడా పోలిక తగలదు. అడ్రసులను "ఐపీసెట్"లో పెట్టి ఒకే నిబంధనతో దాన్ని చూపిస్తే వెతుకులాట హాష్ మీద, అంటే వరుసగా తిప్పకుండా నేరుగా, జరుగుతుంది, జాబితా పదివేలైనా పెద్ద తేడా ఉండదు.

ఎండ, గడియారం

నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో పగలు 44 డిగ్రీలు కొత్త కాదు. రేకుల కప్పు కింద, ఫ్యాన్ లేని చిన్న పెట్టెలో నడిచే ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4 అయితే 80 డిగ్రీలు దాటాక ఈ పని మొదలుపెడుతుంది. ఉదాహరణకు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద 30 శాతం పట్టే పని, వేగం 1.2కు దిగితే సుమారు 60 పడుతుంది. సర్వీసు ఏమీ మారలేదు, శాతం రెట్టింపైంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారం వారం పెరుగుతూ పోయే గ్రాఫు పక్కన ప్రాసెసర్ వేడి, నడుస్తున్న వేగం అంకెలు కూడా గీసి చూడాలి. మధ్యాహ్నం ఎక్కి తెల్లవారేసరికి దిగుతుంటే ఫ్యాన్, దుమ్ము, పాత థర్మల్ పేస్టు చూడాలి. సర్వీసు జోలికి పోనక్కర్లేదు.

మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ కొత్తగా 3 వోల్టులిస్తుంది. అది అయిపోయిన యంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు ఏళ్ల వెనకటి తేదీతో లేస్తుంది. టీఎల్‌ఎస్ (సురక్షిత కనెక్షన్) సర్టిఫికెట్లన్నీ "ఇంకా మొదలు కాలేదు" అనిపిస్తాయి, డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబు అసలైనదేనని చూపే) సంతకాలు తప్పుతాయి, సర్వీసులు ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. టైమ్ సర్వర్ పేరు తెలుసుకోవడానికే డీఎన్‌ఎస్ కావాలి, డీఎన్‌ఎస్‌కు సరైన టైమ్ కావాలి, రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చోవచ్చు. టైమ్ సర్వర్‌ను ఒకటైనా ఐపీ అడ్రసుతో పెట్టుకుంటే ఈ ముడి విడిపోతుంది. లాగ్‌లో తేదీలు వెనక్కి దూకాయేమో చూడటానికి నిమిషం చాలు.

విండోస్ మీద నడిచే నెట్ సెంటర్లలో అనుమానం "ఎస్‌వీసీహోస్ట్" మీదికి పోతుంది. అది పేరు మాత్రమే, లోపల అసలు సర్వీసు వేరు. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ర్యామ్ 3.5 జీబీకి మించి ఉంటే చాలా సర్వీసులు విడివిడి ఎస్‌వీసీహోస్ట్‌లలో నడుస్తాయి, కాబట్టి టాస్క్ మేనేజర్‌లో కుడి బటన్ నొక్కి "గో టు సర్వీసెస్" అంటే పేరు బయటపడుతుంది. అది డీఎన్‌ఎస్ క్లయింట్ అయితే, ప్రకటనలు ఆపడానికి ఎవరైనా హోస్ట్స్ ఫైల్లో (పేర్లకు అడ్రసులు రాసిపెట్టుకునే ఫైలు) పదివేల వరుసలు అతికించారేమో చూడాలి. ఇక్కడా కట్టే.

లోపలికి తొంగిచూడటం

అంకెలు అక్కడిదాకా తెచ్చాక "ఎస్‌ట్రేస్" అనే పనిముట్టును లెక్కపెట్టే పద్ధతిలో 30 సెకన్లు సర్వీసుకు అంటిస్తే ఏ సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ను పని అడగడం) ఎన్నిసార్లో పట్టిక వస్తుంది. పోల్ మీదే కాలమంతా పోతుంటే తలుపుల కథ. అసలు కాల్సే పెద్దగా లేకుండా కోర్ నిండిపోయి ఉంటే సొంత కోడ్‌లో తిరగలి, దానికి కోడ్‌లో ఏ భాగం ఎంత తింటోందో చూపే "పెర్ఫ్" కావాలి. పెర్ఫ్ లేనిచోట "జీడీబీ" అనే డీబగ్గర్ అంటించి స్టాక్ (ఆ క్షణాన నడుస్తున్న ఫంక్షన్ల వరుస) రాసుకుని వెంటనే విడిచేయాలి, 2 సెకన్ల తేడాతో 10 సార్లు. అందులో 8 సార్లు అదే ఫంక్షన్ కనబడితే సీపీయూలో అత్యధిక భాగం అక్కడే పోతోందని నమ్మొచ్చు. ఎస్‌ట్రేస్, జీడీబీ రెండూ సర్వీసును నెమ్మదింపజేస్తాయి. రాత్రి 7 నుంచి 11 మధ్య వాటి జోలికి పోకూడదు. అలాగని రీస్టార్ట్ చేసిన మరునిమిషం చూసినా దండగే, కట్ట అప్పటికి ఖాళీ. గురువారమో శుక్రవారమో పొద్దున, కట్ట నిండుగా ఉండి జనం తక్కువున్న వేళ చూడాలి. రీస్టార్ట్ కొట్టే ముందు ఈ లెక్కలన్నీ ఫైల్లోకి రాసుకోకపోతే సాక్ష్యం అంతా దాంతోపాటే పోతుంది, మళ్లీ ఐదు రోజులు ఆగాలి.

అసలు మందు దొరికేదాకా, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో "సీపీయూకోటా" 50 శాతం పెడితే ఒక సర్వీసు వల్ల మిగతావి ఊపిరాడక పోవు. "రన్‌టైమ్‌మ్యాక్స్‌సెక్"తో రెండు రోజులకోసారి ఆగి, "రీస్టార్ట్" వరుసతో మళ్లీ లేచేలా చేయొచ్చు. క్రాన్‌లో గుడ్డిగా కొట్టడంకన్నా ఇది మేలు, ఎందుకంటే లెక్క సర్వీసు లేచినప్పటి నుంచి నడుస్తుంది, ప్రతిసారీ జర్నల్‌లో నమోదవుతుంది.

మార్పు చేశాక మరునాడే "తగ్గింది" అని రాసుకోవడానికి వీల్లేదు, రీస్టార్ట్ చేసినా మరునాడు తగ్గే ఉంటుంది. జబ్బు ముదరడానికి ఐదు రోజులు పట్టేదైతే కనీసం పది రోజులు, మధ్యలో ఒక్కసారైనా కరెంటు పోయి వచ్చేదాకా, రాత్రి 8 గంటల అంకెలు వరుసగా చూడాలి. ఒక్కో ప్రశ్న ఖరీదు పదో రోజు కూడా 0.15 దగ్గరే ఉండి, ఎఫ్‌డీ లెక్క 30 చుట్టూనే తిరుగుతుంటే 3 గంటల క్రాన్‌ను తీసేయొచ్చు.